బకెట్టు గుర్తు పార్టీ వెనక పదహారు రోజులు

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతారు, బాబాయ్, మీరు పట్టుకున్న పెద్ద కేసు ఏదీ అని. నాకు పెద్ద కేసులేమీ లేవు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నా వలకి తగిలినవన్నీ చిన్న చేపలే. ఉన్నదల్లా ఒక పెద్ద పొరపాటు. అది చెప్తానంటే వాళ్ళ ముఖాలు వాడిపోతాయి. పొరపాట్లు చెయ్యడం మాకూ వచ్చు, దానికి మీ దగ్గరికి రావాలా అన్నట్టు చూస్తారు. అయినా చెప్తాను. విసుగొస్తే లేచి వెళ్ళండి, నాకేం కోపం రాదు. వస్తుంది గానీ పైకి అనను.

ఏ శాఖలో పనిచేశానో చెప్పను. సారా, కల్లు, గంజాయి అని మూడు మాటలంటే మీకే తెలుస్తుంది. మాది తెనాలి. కానిస్టేబులుగా చేరి హెడ్ కానిస్టేబులుగా దిగిపోయాను. ఆర్డరు చేతికొచ్చిన రోజున మా అబ్బా, అంటే మా నాన్న, నెల రోజులు నాతో మాట్లాడలేదు. మన ఇంటా వంటా లేని సారా నీకెందుకు దొరికిందిరా అన్నాడు. తాగడానికి కాదు, పట్టుకోడానికి అని ఎంత చెప్పినా వినలేదు. మొదటి జీతంతో కొత్త చెప్పులు తెచ్చిస్తే అప్పుడు మాట్లాడాడు, అదీ చెప్పులు బిగుతుగా ఉన్నాయని.

ఇక అసలు సంగతి. నేను రిటైరవడానికి నాలుగు నెల్లుందనగా ఎన్నికలొచ్చాయి. ఒకరోజు పొద్దున్నే మా సీఐ గారు నన్ను పిలిచి ఒక కరపత్రం చేతిలో పెట్టారు. కొత్త పార్టీ. తెనాలి, బాపట్ల, రేపల్లె, మూడే మూడు చోట్ల పోటీ. రోడ్లు వేస్తాం, నీళ్ళిస్తాం అని ఎక్కడా లేదు. ఒకటే కోరిక: గంజాయిని చట్టబద్ధం చెయ్యాలి, ప్రభుత్వమే లైసెన్సు కొట్లు పెట్టి అమ్మాలి. నేను రెండుసార్లు చదివి, వెనక్కి తిప్పి కూడా చూశాను. వెనక ఖాళీ.

సీఐ గారు చిన్నవాడు, చురుకైనవాడు, తొందర మనిషి. "వీళ్ళు ఓట్లడగరయ్యా, పొట్లాలు పంచుతారు. ప్రచారం అయ్యేదాకా వాళ్ళ తోక పట్టుకుని తిరుగు. రోజూ సాయంత్రం నాకు రిపోర్టు కావాలి" అన్నారు.

కరపత్రం మీద ఫోటో చూడగానే నాకు పళ్ళు పులిశాయి. ఆ పార్టీ అధ్యక్షుడు మా తెనాలి కోర్టులో లాయరు. గంజాయి కేసుల్లో ముద్దాయిల తరఫున వాదించేది ఆయనే. సాక్షిగా నేను బోనెక్కితే ఎదురుగా నల్లకోటులో నిలబడేది ఆయనే. ఆయన ప్రతి కేసులోనూ నన్ను ఒకే ప్రశ్న అడిగేవారు, అది గంజాయి అని మీకెలా తెలిసిందండీ అని. నేనూ ప్రతి కేసులోనూ ఒకే జవాబు చెప్పేవాణ్ణి: రంగును బట్టి, వాసనను బట్టి, మా అనుభవాన్ని బట్టి.

ఈ వాక్యం నేను కనిపెట్టింది కాదు. నేను చేరక ముందు నుంచీ మా శాఖలో ఉంది. సరుకు దొరికిన చోట ఇద్దరు మధ్యవర్తుల ముందు, ఏం దొరికింది, ఎలా దొరికింది అని రాసే కాగితాన్ని పంచనామా అంటాం. ఏ పంచనామా తీసినా మూడో పేరాలో ఈ వాక్యం ఉండాల్సిందే. ఇంకో గుట్టు కూడా చెప్పేస్తాను, ఇప్పుడు నన్నెవరూ ఏమీ చెయ్యలేరు కాబట్టి. పంచనామా అక్కడ కూర్చుని రాయాలని రూలు. మేం చాలాసార్లు స్టేషనులోనే రాసుకుని వెళ్ళేవాళ్ళం. పాతది ముందు పెట్టుకుని పేర్లు మార్చడం, ఎంత దొరికిందో అక్కడ ఖాళీ వదలడం. ఎండలో కాగితాలు ఎగిరిపోతాయి, మధ్యవర్తులకి పనులుంటాయి, అని మాకు మేమే సర్దిచెప్పుకునేవాళ్ళం.

పార్టీ అంటే ఏదో ఊహించుకుని వెళ్ళానా, తీరా చూస్తే అది ఒక కుటుంబం. తెనాలిలో లాయరు గారు, బాపట్లలో ఆయన భార్య, రేపల్లెలో ఆవిడ తమ్ముడు. అంతే. ఆవిడ తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యారు. తెనాలిలో సగం మందికి గుణింతాలు నేర్పింది ఆవిడే. పోటీ చెయ్యడం ఆవిడకి సుతరామూ ఇష్టం లేదట. మూడో మనిషి దొరక్కపోతే పార్టీ పరువు పోతుందని లాయరు గారు బతిమాలితే సంతకం పెట్టారట. రేపల్లె తమ్ముడికి మందుల షాపు. ఆయన ప్రచారానికి షాపు మూసిన తరవాతే వచ్చేవాడు.

వీళ్ళు గుర్తుగా ఆకు కావాలని అడిగితే బకెట్టు ఇచ్చారు. దాంతో ఆటో పైన ఎర్ర ప్లాస్టిక్ బకెట్టు ఒకటి కట్టి, మైకు పెట్టి బయల్దేరారు. నేను స్కూటరు మీద వెనక. మొదటిరోజు సాయంత్రం బాపట్లలో ఒక వీధిలోకి ఆటో తిరగ్గానే ఆడవాళ్ళు పాత చీరలు పట్టుకుని బయటికొచ్చారు. ఎన్ని చీరలకిస్తారు బకెట్టు అని బేరం మొదలెట్టారు. లాయరు గారు మైకులో, అమ్మా ఇది సామాన్ల ఆటో కాదు, రాజకీయ పార్టీ అని చెప్తే ఒకావిడ, మరి ఆ మాట ముందే చెప్పాలి కదా, బీరువాలోంచి అన్నీ దించుకున్నాను అని కసిరింది. ఆ రోజు రిపోర్టులో నేను రాసింది ఇదీ: హాజరైన జనం పదకొండు మంది, పంచిన పొట్లాలు లేవు, అడిగిన బకెట్లు నాలుగు.

కుర్రవాళ్ళు అప్పుడప్పుడు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, సార్ శాంపిల్ ఏమైనా ఉందా అని అడిగేవారు. అప్పుడు చూడాలి లాయరు గారిని. చదువుకునే వయసులో శాంపిలేంట్రా అని వాళ్ళ నాన్నల పేర్లడిగి మరీ తిట్టేవారు. ఆ మనిషి వక్కపలుకు కూడా నోట్లో వేసుకుని ఎరగడు. నేను సిగరెట్టు వెలిగిస్తే ముక్కుకి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని, హెడ్డు గారూ అవతలకి వెళ్ళండి, నాకు దగ్గొస్తుంది అనేవారు. గంజాయి పార్టీ అధ్యక్షుడికి సిగరెట్టు పొగ పడదు. ఇది కూడా రిపోర్టులో రాశాను. ఇలాంటివి రాయొద్దని సీఐ గారు ఎర్ర ఇంకుతో కొట్టేశారు.

ఒకరోజు రేపల్లె నుంచి వస్తూ నా స్కూటరు పంక్చరైతే ఆటోలో ఎక్కించుకున్నారు. దారిలో అడిగాను, మీకెందుకండీ ఈ గోల అని. "ముప్పై ఏళ్ళు బస్తా మోసినవాడి తరఫునే వాదించానండి. బస్తా ఎవరిదో వాడు ఒక్కడంటే ఒక్కడు బోనులోకి రాలేదు. మీరు పట్టుకునేదీ మోసేవాణ్ణే, నేను విడిపించబోయేదీ వాణ్ణే. మధ్యలో వాడి పిల్లలు ఎదిగిపోతున్నారు. అదే లైసెన్సు సరుకైతే వాడు ముద్దాయి కాదు, హమాలీ" అన్నారు. ఆయన వాదనతో నేను ఒప్పుకోలేదు. ఆ పొట్లాలు ఇళ్ళల్లోకి వస్తే ఏమవుతుందో నేనూ చూశాను. ఇప్పటికీ సగమే ఒప్పుకుంటాను. కానీ నేను పట్టుకున్నవాళ్ళంతా మోసేవాళ్ళేనన్నది మాత్రం నిజం, ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

అన్నం అంటే గుర్తొచ్చింది. నేను కాపలా కాసేది వాళ్ళ ఇంటి గేటు ముందు. వాళ్ళింట్లో పచ్చి మంచినీళ్ళు కూడా తాగకూడదని మాకు ఆర్డరు. మొదటిరోజు మధ్యాహ్నం టీచరు గారు బయటికొచ్చి, గుమ్మం ముందు మనిషిని మాడ్చి లోపల మేం తింటే మాకు అరుగుతుందా తమ్ముడూ, లోపలికి రండి అన్నారు. వద్దన్నాను. రెండోసారి వద్దన్నాను. మూడోసారి వంకాయ కూర వాసనొచ్చింది. అంతే, ఆ రోజు నుంచి అక్కయ్యగారూ అంటూ వెళ్ళి పీట మీద కూర్చునేవాణ్ణి. ఊళ్ళు తిరిగే రోజైతే క్యారియర్లో నాకూ ఒక గిన్నె ఉండేది. గోంగూర పచ్చడి అయితే మూడుసార్లు అడిగి వేయించుకున్నాను. మా ఇంట్లో గోంగూరని అంబాడా అంటారు, మా ఆవిడ మాంసంలో వేసి వండుతుంది. కానీ ఆ పచ్చడి రుచి వేరు, ఉల్లిపాయ నంజుకుంటే ప్రాణం లేచొచ్చేది. ఈ భోజనాల సంగతి మాత్రం ఏ రిపోర్టులోనూ రాయలేదు.

పదమూడో రోజున ఆ పచ్చడన్నం తినేసి సిగరెట్టు వెలిగిద్దామనుకున్నాను. లాయరు గారికి పడదు కాబట్టి పెరట్లోంచి డాబా మెట్లెక్కి, మలుపు దగ్గర నిలబడ్డాను. తలెత్తితే డాబా అటు చివర పాత చీర ఒకటి తెరలా కట్టి ఉంది. గాలికి అది పక్కకి జరిగింది. దాని వెనక రంగు డబ్బాల్లో వరసగా మొక్కలు, నా ఎత్తున. ఆకులు వేళ్ళు చాచినట్టు, అయిదేసి చీలికలు, అంచులు రంపంలా.

చేతిలో సిగరెట్టు వెలిగించడం మర్చిపోయాను. ఇక్కడ మీకొకటి చెప్పాలి. మా డెల్టాలో గంజాయి పండదు. మాకు దొరికేదంతా ఎక్కడో కొండల్లో ఎండబెట్టి, ఇటికల్లా నొక్కి, బ్యాగుల్లో రైలెక్కి వచ్చేది. ఎండినదాని వాసన కళ్ళు మూసుకుని చెప్పగలను. ప్రాణంతో ఉన్న మొక్కని మాత్రం నా సర్వీసు మొత్తంలో చూసి ఎరగను. ట్రైనింగులో ఇచ్చిన చిన్న పుస్తకంలో బొమ్మ ఒక్కటే చూశాను. పైగా పదమూడు రోజులుగా పొద్దస్తమానం మైకులో ఆ ఒక్క మాటే వింటున్నాను. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు కదా, అదీ నా పరిస్థితి. దూరం నుంచే ఫోనుతో ఒక ఫోటో తీసి, పిల్లిలా దిగి వచ్చాను. దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తే అనుమానం వస్తుందని నా తెలివి.

ఆ సాయంత్రం పుస్తకంలో బొమ్మ, ఫోనులో ఫోటో పక్కపక్కన పెట్టి చూశాను. కవల పిల్లల్లా ఉన్నాయి. ఇల్లు టీచరు గారి పేరు మీద ఉందని నాకు తెలుసు. మొక్కలు ఆ ఇంటి మీద దొరికితే మొదట పట్టుకెళ్ళేది ఆవిడనే. ఈ కేసులో బెయిలు అంత తేలిగ్గా రాదు. ప్రచారానికి ఇంకా మూడు రోజులుంది, పోలింగుకి అయిదు. ఊళ్ళో సగం మందికి చదువు చెప్పిన మనిషి, పేపర్లో ఫోటోతో సహా జైలుకి పోతుంది. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే కదా అని మనసు పీకింది. డ్యూటీ డ్యూటీయే అని ఇంకోపక్క. చివరికి డ్యూటీయే గెలిచిందని అప్పట్లో అనుకున్నాను. నిజం చెప్పాలంటే గెలిచింది డ్యూటీ కాదు. పెద్ద కేసు లేకుండా రిటైరవుతున్నానన్న దుగ్ధ.

రిపోర్టు రాయడానికి కూర్చుంటే చెయ్యి తనంతట తనే నడిచింది. డాబా మీద మొక్కలు చూడడమైనది, రంగును బట్టి, వాసనను బట్టి, మా అనుభవాన్ని బట్టి అవి గంజాయి మొక్కలని నిర్ధారించుకున్నాము. ముప్పై అడుగుల దూరం నుంచి వాసన ఎలా వచ్చిందని నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

సీఐ గారు ఎగిరి గంతేశారు. మర్నాడు సంతకాలు, అనుమతులు, ఆ మర్నాడు పొద్దున పదింటికి సోదా. పంచనామా స్టేషనులోనే తయారైంది, మొక్కల సంఖ్య దగ్గర ఒక్కచోట ఖాళీ. సీఐ గారు, నేను, ఒక మహిళా కానిస్టేబులు, మధ్యవర్తులుగా ఇద్దరు ఉద్యోగులు, ఎన్నికల వాళ్ళు ఇచ్చిన వీడియో మనిషి. జీపు దిగి, రోజూ భోజనానికి తీసే గేటే ఆ రోజు సోదాకి తీశాను.

టీచరు గారు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చారు. వెనకాల ఉన్న వాళ్ళని చూడలేదు, నన్నొక్కణ్ణే చూశారు. "అప్పుడే వచ్చారేంటి తమ్ముడూ, అన్నం ఇంకా ఉడకలేదు" అన్నారు. నేను చచ్చిపోయాను. అంతకన్నా వేరే మాట లేదు.

లాయరు గారు అనుమతి కాగితం అక్షరం అక్షరం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, పదండి అన్నారు. అందరం డాబా ఎక్కాం. సీఐ గారు చీర తెర లాగేశారు. మొక్కలు లెక్కపెడితే పద్నాలుగు. మొదటి మధ్యవర్తి జేబులోంచి మడతపెట్టిన కాగితాలు తీసి ఖాళీలో పద్నాలుగు అని రాయబోయాడు. లాయరు గారు ముప్పై ఏళ్ళుగా ఈ క్షణం కోసమే కాచుకున్నట్టున్నారు. ఇప్పుడే ఎక్కాం కదండీ డాబా, అప్పుడే మూడు పేజీలు ఎవరు రాశారు అని చాలా మర్యాదగా అడిగారు. అది ముసాయిదా అన్నారు సీఐ గారు. అయితే వీడియోలో పైకి చదివించండి అన్నారు ఈయన. చదివారు. మూడో పేరా వచ్చింది. రంగు, వాసన, అనుభవం.

"వాసన ఇంకా ఎవరూ చూడలేదు కదండీ" అన్నారు లాయరు గారు.

సీఐ గారు ఒక ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆకుని నాకిచ్చారు. నేనూ చూశాను. పచ్చి ఆకు వాసన, ఇంకేం లేదు. అప్పుడు రెండో మధ్యవర్తి, కొల్లూరు వైపు లంక పొలాల మనిషి, ఉండబట్టలేక, సార్ ఇది గోగండీ, తెల్ల గోంగూర, విత్తనానికి వదిలేస్తే ఇంత ఎత్తు పెరుగుద్ది, పైన ఆకు చీలుద్ది, కింద ఆకు గుండ్రంగానే ఉంటది చూడండి అన్నాడు. చూశాం. కింద ఆకులు గుండ్రంగానే ఉన్నాయి. నేను రోజూ తిన్న పచ్చడి ఆ కింద ఆకుదే.

సీఐ గారు అతన్ని, నువ్వు మధ్యవర్తివా సైంటిస్టువా అని కసిరారు. అంతమంది ముందు వెనక్కి తగ్గలేక, శాంపిల్ లాబుకి పంపిద్దాం, రిపోర్టు వచ్చేదాకా అమ్మగారు మాతో రావాలి అన్నారు. లాబు రిపోర్టు ఎప్పుడొస్తుందో మా అందరికీ తెలుసు. పోలింగు అయిపోతుంది, ఆవిడ ఫోటో పేపర్లో పడిపోతుంది, తరవాత గోంగూర అని తేలినా ఆ ఫోటో పోదు.

టీచరు గారు గొంతు పెంచలేదు. లేత ఆకు ఒకటి కోసి నా చేతిలో పెట్టారు. "మూడుసార్లు అడిగి వేయించుకున్నారు కదా తమ్ముడూ. రుచి మర్చిపోలేదు కదా" అన్నారు.

కెమెరా నా ముఖం మీద ఉంది. డ్యూటీలో ఉన్న హెడ్ కానిస్టేబులు, కేసు సరుకు నోట్లో పెట్టుకోవడం మా శాఖ చరిత్రలో అదే మొదటిసారి అనుకుంటాను. నమిలాను. పళ్ళు జివ్వుమన్నాయి. పులుపు.

సీఐ గారు నన్ను నీళ్ళ ట్యాంకు చాటుకి లాక్కెళ్ళారు. ఆయన భయం ఆయనది, అది తప్పని ఇప్పుడు కూడా అనను. "నీకు గుర్తుపట్టడం రాదని కెమెరా ముందు అన్నావో, నువ్వు సంతకం పెట్టిన ప్రతి కేసులోనూ ఈ లాయరు అదే వీడియో తెస్తాడు. నాలుగు నెలల్లో ఇంటికి పోయేవాడివి. నోరు మూసుకో. ఏదైనా ఉంటే లాబు చెప్తుంది" అన్నారు. తల ఊపాను. అవును, ఊపాను. అక్కడ నేనేదో వీరుణ్ణని మీకు చెప్పడం లేదు.

ట్యాంకు చాటు నుంచి తిరిగొస్తుంటే టీచరు గారు మహిళా కానిస్టేబుల్ని అడుగుతున్నారు, నాకు ఇవన్నీ తెలీవమ్మా, ఎన్ని చీరలు పెట్టుకోవాలి, బీపీ బిళ్ళలు తెచ్చుకోనిస్తారా అని. పొయ్యి ఆపేసి వస్తాను, అన్నం మాడిపోతుంది అని కూడా అన్నారు ఆవిడ.

నేను తిన్నగా కెమెరా ముందుకి వెళ్ళాను. "ఇది గోంగూర. గంజాయి మొక్కని నేను ప్రాణంతో ఎప్పుడూ చూడలేదు. వాసన చూడకుండానే చూశానని రాశాను. తప్పు నాది" అన్నాను. అన్నీ వినపడేలాగే అన్నాను.

మొదటి మధ్యవర్తి తన చేతిలో పంచనామాని నాలుగు మడతలు చేసి జేబులో పెట్టుకున్నాడు. సీఐ గారు నా వైపు చూడకుండా మెట్లు దిగిపోయారు. మెమో సాయంత్రానికే వచ్చింది. మిగతా సర్వీసంతా స్టేషను గేటు దగ్గర సెంట్రీ డ్యూటీ.

అసలు తమాషా తరవాత. ప్రచారం ఆఖరి సాయంత్రం రేపల్లెలో ఆ పార్టీ మీటింగుకి జనం విరగబడి వచ్చారట. గోంగూరని అరెస్టు చెయ్యబోయారన్న సంగతి అప్పటికే మూడు ఊళ్ళకీ పాకింది. ఒకరిద్దరు గోంగూర కట్టలు తెచ్చి స్టేజీ మీద దండలా వేశారట. లాయరు గారు గంటసేపు మాట్లాడితే అందరూ పడీపడీ నవ్వి, చప్పట్లు కొట్టి, ఇంటికెళ్ళి ఓటు మాత్రం ఎవరికి వేసేవాళ్ళు వాళ్ళకే వేశారు. ముగ్గురికీ కలిపి వచ్చిన ఓట్లు మా వీధిలో ఒక నిఖాకి వచ్చే చుట్టాలకన్నా తక్కువ. బాపట్లలో టీచరు గారికి మిగతా ఇద్దరికన్నా నాలుగు ఎక్కువొచ్చాయి. చీరలు దించుకున్న వీధిలోవేనని లాయరు గారి వాదన.

సీఐ గారు చెప్పినట్టే అయింది. ఒకరోజు లాయరు గారు స్టేషను గేటు దగ్గర స్కూటరు ఆపి, జాలి పడతాననుకోకండి హెడ్డు గారూ, నాకు క్లయింట్లున్నారు, కోర్టులో అడుగుతాను అన్నారు. అడగండి, చెప్తాను అన్నాను. రెండు కేసుల్లో అడిగారు. రెండింట్లోనూ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒకటి లాబు రిపోర్టు మీద నిలబడింది, ఒకటి కొట్టేశారు. ఆ రెండో కేసులో విడుదలైన మనిషి కోర్టు వరండాలో నాకు దణ్ణం పెట్టాడు. నన్ను లాయరు గుమస్తా అనుకున్నట్టున్నాడు.

టీచరు గారి దగ్గరికి మాత్రం నాలుగు నెల్లు వెళ్ళలేకపోయాను. కోర్టులో నిలబడగలిగాను గానీ ఆ గుమ్మం తొక్కలేకపోయాను. రిటైరైన మర్నాడు మా ఆవిడ, మీరు పోతారా, నన్ను తీసుకుపొమ్మంటారా అంటే ఒక్కణ్ణే బయల్దేరాను. దారంతా సంజాయిషీ వల్లె వేసుకున్నాను. పైవాళ్ళ ఆర్డరనీ, పుస్తకంలో బొమ్మ అచ్చం అలాగే ఉందనీ, గాలికి మొక్కలు విరక్కుండా కట్టిన చీర తెర వల్ల అనుమానం వచ్చిందనీ. ఆవిడ తలుపు తీసి, రండి తమ్ముడూ అని కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చారు. నేను వల్లె వేసుకున్నదంతా అప్పజెప్పాను. మధ్యలో అడ్డం రాకుండా, పాఠం ఒప్పజెప్పే పిల్లవాడి మాట విన్నట్టు పూర్తిగా విన్నారు.

"అదంతా సరే తమ్ముడూ. పదమూడు రోజులు మా ఇంట్లో తిన్నారు. అక్కయ్యా, పైన అవేం మొక్కలు అని ఒక్క మాట అడగలేకపోయారా" అన్నారు.

భయపడి అడగలేదనుకుంటున్నారేమో, కాదు. ఆ మాట నాకు తట్టనే లేదు. మా పనిలో ముందు చూస్తాం, తరవాత రాస్తాం, తరవాత పట్టుకుంటాం. మనిషిని అడగడం అన్నది అరెస్టు అయ్యాకే వస్తుంది. ముప్పై నాలుగేళ్ళలో ఎంతమందిని ముందే అడిగి ఉండొచ్చో అప్పుడు లెక్క మొదలైంది నాకు. గ్లాసు చేతిలో పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను, సిగ్గు లేకుండా చెప్తున్నాను.

ఆవిడ కొంగుతో కుర్చీ చెయ్యి తుడుస్తూ, నా వైపు చూడకుండా అన్నారు.

"అడిగుంటే రెండు కట్టలు కోసిచ్చేదాన్ని. మీ ఇంటికి పట్టుకెళ్ళేవారు."